మూత పోయిన భరిణె

ఉప్పాడలో మీ పుట్టిల్లు ఎక్కడండీ అని ఎవరైనా అడిగితే మా అమ్మ సముద్రంలోకి వేలు చూపిస్తుంది. 'అదిగో, ఆ రెండో కెరటం విరుగుతోంది చూశారా... అక్కడ' అంటుంది. వేళాకోళం కాదు, నిజంగానే అక్కడ. పెంకుటిల్లు, ముందు రెండు కొబ్బరిచెట్లు, వాటికి అవతల ఓ వీధి, వీధికి అవతల ఇసుక, ఆ తర్వాతే సముద్రం. ఇప్పుడు వీధీ లేదు, ఇల్లూ లేదు. 1996 నవంబరు తుపాను తర్వాత మావాళ్లు అక్కణ్నుంచి లేచి లోపలికి వచ్చేశారు. మిగిలిన గోడల్ని ఆ తర్వాతి ఏళ్లలో కెరటాలు ఒక్కొక్కటిగా పట్టుకెళ్లాయి.

కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద ఉప్పాడ వెళ్లినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన రాళ్లు, ఇసుక నింపిన పెద్దపెద్ద జియోట్యూబులు, సగం కూలిన గోడలు... పెద్ద తుపాను వచ్చిందంటే ఆ రోడ్డుకు గండమే. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడూ అంతే. సముద్రం కాస్త శాంతించగానే ఊళ్లో ఆడవాళ్లూ పిల్లలూ ఒడ్డుకు చేరి ఇసుక వెదుకుతారు, బంగారం రేణువులు దొరుకుతాయని. ఇన్ని ఇళ్లు, గుళ్లు మింగింది కదా, కాస్తయినా కక్కకపోతుందా అని వాళ్ల ఆశ. మా అమ్మకు ఆ ఆశ లేదు. ఆవిడకు కావాల్సింది ఒక్కటే... ఓ చెక్క మూత.

అమ్మమ్మ కుంకుమ భరిణెది ఆ మూత. తుపాను రాత్రి దేవుడి మూల ఉన్నవన్నీ ఓ బుట్టలో వేసుకుని బయటపడితే, భరిణె వచ్చింది, మూత రాలేదు. జామకాయంత ఉంటుంది భరిణె. ఒంటి మీద ఎర్రలక్క, నడుం చుట్టూ రెండు పసుపు చారలు. ఎప్పుడో అన్నవరం కొండ మీద కొన్నదట. మూత పోయాక అమ్మమ్మ దాని మీద ఓ చిన్న స్టీలు పళ్లెం బోర్లించి వాడుకుంది. ఆవిడ తర్వాత అమ్మా అలాగే వాడింది. మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లి కుదిరేసరికి, ఆ భరిణె మనవరాలి చేతిలో పెట్టాలని అమ్మ పట్టుబట్టింది. 'బోసి భరిణె ఎలా ఇస్తాన్రా, మూత చేయించుకురా' అని నా మీద పెట్టింది.

ఉప్పాడ చేతిపనులకు తక్కువైన ఊరేం కాదు. జాందానీ చీరలకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద నేతగాళ్లు చిన్నచిన్న కండెలతో ఒక్కో పువ్వునూ విడిగా అల్లుతుంటే, చీర ఇటు తిప్పినా అటు తిప్పినా పువ్వు ఒకేలా కనిపిస్తుంది. అలాంటి ఊళ్లో ఓ మూత చేసేవాడు దొరకడా అనుకున్నా. దొరకలేదు. కొత్తపల్లిలో మంచాల కోళ్లు పట్టే వడ్రంగి ఒకాయన ఉన్నాడంటే వెళ్లా. తరిమెన ఉంది, మోటారు ఉంది, చేతిలో పనీ ఉంది. భరిణెను అటూ ఇటూ తిప్పి చూసి, 'ఆయ్... కోళ్లు పడతానండి, ఉయ్యాల గుంజలు పడతానండి. లోపల తొలవడం నా వల్ల కాదండి. అది వేరే పని' అని చేతులు జోడించేశాడు.

వేరే పని అని ఆయన ఎందుకన్నాడో అప్పుడు నాకు బోధపడలేదు.

ఈలోగా అమెరికా నుంచి మా అన్నయ్య కొడుకు రంగంలోకి దిగాడు. మిన్నెసోటాలో ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేరు, శనివారాలు లేతు. వాళ్ల దగ్గర చెక్క చెక్కేవాళ్లకు క్లబ్బులున్నాయట. నెలకోసారి ఓ హాల్లో చేరతారు. ముందు ఓ లేతు, దాని మీద కెమెరా, ఎదురుగా తెర. ఆ నెల వంతు వచ్చినవాళ్లు అందరి ముందూ ఓ గిన్నో, కూజానో తిప్పి చూపిస్తారు. పక్కన బల్ల మీద ఎవరు చేసింది వాళ్లు తెచ్చిపెడతారు. బాగా కుదిరినవే కాదు, పగిలినవీ పెడతారట... ఎక్కడ పగిలిందో అందరూ చూడాలిగా! 1986లో మొదలైన అమెరికా వుడ్‌టర్నర్ల సంఘానికి ఇలాంటి శాఖలు మూడొందలకు పైనే ఉన్నాయి. లండనులో అయితే ఈ పనివాళ్ల సంఘానికి రాజముద్రతో గుర్తింపు వచ్చింది 1604లో. మనవాడు ఇవన్నీ ఫోనులో చెబుతూ, 'బాబాయ్, కొలతలు పంపించు, మా క్లబ్బులోనే మూత చేసేస్తా' అన్నాడు.

అమ్మ దర్జీ టేపుతో నోరు కొలిచి చెప్పింది. రెండు నెలల తర్వాత ఎవరో వస్తుంటే వాళ్ల చేత మూత వచ్చింది. మేపుల్ చెక్క, వెన్నలా ఉంది. భరిణె మీద పెడితే ఓ పక్క దిగింది, రెండో పక్క ఎత్తుగా నిలబడిపోయింది. తిప్పి పెడితే అసలు దిగలేదు. 'వాడు అంత దూరం నుంచి ప్రేమగా చేశాడు, పోనీలే' అని అమ్మ దాన్ని అలమరలో పెట్టింది కానీ, ముఖం చూస్తే తెలిసిపోయింది. ఇక మిగిలిన దారి ఒక్కటే. భరిణె పుట్టిన ఊరికే వెళ్లాలి.

ఆ ఊరు ఏటికొప్పాక. ఉప్పాడ నుంచి వంద కిలోమీటర్ల లోపే. పిఠాపురం, గొల్లప్రోలు మీదుగా కత్తిపూడి దగ్గర హైవే ఎక్కి, అన్నవరంలో ఆగి సత్యదేవుడికి దణ్నం పెట్టుకుని, ప్రసాదం పొట్లం విప్పుకుని తింటూ తుని దాటితే తాండవ నది. అవతలి గట్టున పాయకరావుపేట. అక్కణ్నుంచి మాట తీరు మారుతుంది. గోదావరి 'ఆయ్' వెనకబడి, 'ఏటి బావూ' ఎదురొస్తుంది. నక్కపల్లి దాటాక అడ్డురోడ్డు దగ్గర హైవే దిగి లోపలికి తిరిగితే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా.

ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ ఊరి పేరు తెలియకపోయినా ఊరి సరుకు తెలియకుండా ఉండదు. లక్కపిడతలు! పొయ్యి, కుండ, రోలు, తిరగలి... బొటనవేలంత సైజులో. బొంగరాలు, గిలక్కాయలు, ఎడ్లబండ్లు, భరిణెలు. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కి అతికిస్తారు. ఇక్కడి బొమ్మ పుట్టేది మర మీద. గుండ్రంగా తిరుగుతూ పుడుతుంది. కర్ర అంకుడు. మెత్తగా, నునుపుగా, ముడులు తక్కువగా ఉండే తెల్లచెక్క. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగుల్ని పక్కకు నెట్టి పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటి వాటి రంగుల్ని మళ్లీ లక్కలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. ఊళ్లోకి అడుగు పెడితే ఆ హంగేమీ కనిపించదు. ఓ వీధి, రేకుల షెడ్లు, లోపల మర తిరుగుతున్న చప్పుడు, గుమ్మాల్లో తెల్లటి పొట్టు.

నేను వెళ్లిన షెడ్డులో నాలుగు మరలున్నాయి, రెండే తిరుగుతున్నాయి. మిగతా రెండు మరల కుర్రాళ్లు అచ్యుతాపురం వైపు కంపెనీలకు వెళ్లిపోయారట. పెద్దాయనకు డెబ్బై దగ్గర పడి ఉంటాయి. భరిణె చేతికిస్తే మాట్లాడకుండా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గోటితో అడుగున మీటాడు. కళ్లకెదురుగా నోరు తిప్పి ఓ కన్ను మూసి చూశాడు. 'ఇది మా ఊరిదే బావూ. చేతి మర మీద పట్టింది' అన్నాడు.

కరెంటు మర రాకముందు ఇద్దరు మనుషుల పని ఇది. ఒకరు కర్రకు చుట్టిన తాడును ముందుకీ వెనక్కీ లాగుతుంటే, రెండోవారు ఉలి పట్టేవారు. తాడు ముందుకు లాగినప్పుడు కర్ర ఇటు తిరుగుతుంది, వెనక్కి లాగితే అటు. ఉలి కోసేది ఒక వైపు తిరిగినప్పుడే. రెండో వైపు తిరుగుతుంటే ఉలిని వెంట్రుకంత వెనక్కి తీసి, మళ్లీ ఆనించాలి. రోజంతా అదే లయ. పెద్దాయన చిన్నప్పుడు తండ్రికి తాడు లాగాడట. 'నిద్రొస్తే ఉలి కామతో నెత్తి మీద ఒక్కటిచ్చేవోడు' అని నవ్వాడు.

పని మొదలుపెట్టకముందు ఆయన నన్ను కూర్చోబెట్టి వేరే భరిణె ఒకటి పట్టి చూపించాడు. తొలచడమంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. అంకుడు కొమ్మను నెలల తరబడి నీడలో ఆరబెట్టి, బెత్తెడు ముక్కలు కోసి పెట్టుకుంటారు. ముక్క ఒక కొసను మరకున్న ఇనుప పట్టులోకి సుత్తితో కొట్టి దిగేస్తారు. ఇక రెండో కొస గాల్లోనే. మంచం కోడుకైతే రెండు కొసలా ఆధారం ఉంటుంది, పని అంతా బయటే, కంటికి కనిపిస్తుంది. భరిణెకు ఆ సౌకర్యం లేదు. లోపలికి ఉలి వెళ్లాలంటే ఒక కొస ఖాళీగా ఉండాల్సిందే. కొత్తపల్లి వడ్రంగి చేతులు జోడించింది ఇందుకే!

ముందు బయట ఒంపు తీస్తాడు. తర్వాత నడిమధ్యన నిలువుగా ఓ రంధ్రం, ఎంత లోతు కావాలో అంతే. అది కొలత. అడుగు ఎక్కడుందో చేతికి ఆ రంధ్రమే చెబుతుంది. ఇక ఉలిని మధ్యలో దించి అంచుకేసి లాగుతాడు. నేను అంచు నుంచి మధ్యకు కోస్తారనుకున్నా. అడిగితే ఓ పుల్ల తీసి విరిచి చూపించాడు. కర్ర నారలు మన వైపు నిలబడి ఉన్నాయి, గడ్డి మోపును కొసల వైపు నుంచి చూసినట్టు. మధ్య నుంచి బయటకు వస్తే ప్రతి నారకూ వెనక మరో నార ఆనుకుని ఉంటుంది, నున్నగా తెగుతుంది. అంచు నుంచి మధ్యకు వెళితే వెనక ఆనిక లేక చీలిపోతుంది. అదే గిన్నె కోసమని పలకను అడ్డంగా బిగిస్తే లెక్క తిరగబడుతుంది, అప్పుడు అంచు నుంచి మధ్యకే. మిన్నెసోటా క్లబ్బులోనూ మొదటి పాఠం ఇదేనట, ఆ రాత్రి ఫోను చేసినప్పుడు మావాడు చెప్పాడు.

కష్టం గోడ పల్చబడ్డాక మొదలవుతుంది. నోరు చిన్నది, కడుపు పెద్దది అయితే ఉలి కొస కంటికి కనిపించదు. పెద్దాయన చూపు భరిణె మీద లేదు, ఎదురు గోడ మీద ఉంది. వింటున్నాడు. మందంగా ఉన్నప్పుడు బొంగురుగా ఉన్న చప్పుడు పల్చబడేకొద్దీ సన్నబడుతూ వచ్చింది. ఓ దగ్గర ఠక్కున ఆపేశాడు. 'ఇంకొక్క సుట్టు తిప్పితే ఇటు నుంచి అటు సూడొచ్చు' అన్నాడు. అమెరికాలో డేవిడ్ ఎల్స్‌వర్త్ అనే ఆయన 1970ల్లో వంచిన ఉలులు సొంతంగా తయారు చేసుకుని, చిన్న రంధ్రంలోంచి పెద్ద కుండల కడుపులు పల్చగా తొలిచి పేరు తెచ్చుకున్నాడు. ఆ సంఘానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే. పెద్దాయనకు ఆ సంగతి చెబితే, 'అతనికీ సెవులు బాగుండాల' అన్నాడంతే.

తర్వాత లక్క. తిరుగుతున్న భరిణెకు రంగులక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. నిప్పు అక్కర్లేదు. ఎండిన మొగలి ఆకు పెట్టి నొక్కుతూ పోతే పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. పూత పూసినట్టు కాదు, చెక్కకు తొడుగు తొడిగినట్టు ఉంటుంది. షెడ్డులో ఆ వాసన... తీపికీ పొగకూ మధ్య ఉంటుంది. అమ్మమ్మ దేవుడి మూల వాసన అదేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అన్నీ చూపించాక మా భరిణె తీసుకున్నాడు. 'ఇది గుండ్రంగా లేదు బావూ. కోడిగుడ్డయిపోనాది.' ఓ పుల్లను నోటికి అడ్డంగా పెట్టి గోటితో గుర్తు పెట్టి, అదే పుల్లను అటు తిప్పి పెట్టాడు. తేడా కనిపించింది, రెండు బియ్యపు గింజల మందం. పెద్ద దుంగను చీల్చి పక్క ముక్కతో పట్టినదట అది. కర్ర ఆరినప్పుడు వలయాల వెంట ఎక్కువ ముడుచుకుంటుంది, వాటికి అడ్డంగా తక్కువ. చేసిన రోజు గుండ్రంగా ఉన్నదే, ఏళ్లు గడిచేసరికి సాగిపోయింది. అమ్మ టేపు ఒకవైపే కొలిచింది. పాపం మిన్నెసోటా మేపుల్ తప్పేం లేదు!

'లూజుగా సెయ్యమంటే ఇప్పుడే సేసేత్తాను. కదిపితే కుంకం ఒలికిపోద్ది. గట్టిగా పట్టాలంటే దీని నోరు సరిసెయ్యాల. మర ఎక్కించాల. పాత కర్ర, ఎండిపోయి ఉంది. పగిలిపోనాదంటే నన్ననకు.'

నాకు ఏం చెప్పాలో తోచలేదు. బయటికొచ్చి అమ్మకు ఫోను చేశా. సంగతంతా విని చాలాసేపు మాట్లాడలేదు. వెనక టీవీ చప్పుడు వినిపిస్తోంది. 'నోరు తియ్యడమంటే ఎంత తీస్తాడు' అంది. బియ్యపు గింజంత అన్నా. 'ఆ లోపల పట్టిన ఎరుపు అమ్మ చేతిదిరా' అంది. సరే, వద్దులే, వచ్చేస్తా అన్నా. 'ఉండు' అంది. ఇంకాసేపు టీవీ. 'ఉత్త భరిణె ఇస్తే ఆ పిల్ల అక్కడ ఏ షోకేసులోనో పెట్టేస్తుంది. మూత ఉంటే వాడుకుంటుంది. ఎక్కించమను. తీసిన పొట్టు మాత్రం పారెయ్యకండా కాగితంలో కట్టి పట్రా.'

పెద్దాయనకు అది చెబితే తల ఊపి, కింద పొట్టంతా ఊడ్పించి శుభ్రమైన గోనె పరిపించాడు. భరిణెను సుత్తితో కొట్టి బిగించడానికి లేదుగా. ఓ చెక్క ముక్క మరకు ఎక్కించి, దాన్ని గిన్నెలా తొలిచి, భరిణె అడుగు అందులో కూర్చునేలా చేశాడు. కోడిగుడ్డు వాటం వల్ల పక్కల సందు మిగిలితే న్యూస్‌పేపరు ముక్కలు మడిచి కూరాడు. చేత్తో తిప్పి చూశాడు. ఓసారి తీసి మళ్లీ పెట్టాడు. మూడోసారికి గానీ తృప్తి పడలేదు. ఉలిని రాతి మీద మళ్లీ నూరాడు. మర నెమ్మదిగా తిప్పించాడు.

మొదట ఉలి తగిలీ తగలనట్టు టిక్ టిక్ మంది, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే. పొట్టు ఎర్రగా వచ్చింది. కుంకుమలాగే రేగి ఆయన ముంజేతుల మీద పడింది. టిక్ టిక్ దగ్గరై, కలిసిపోయి, ఒకటే చప్పుడయింది. అంతలో ఆయన చెయ్యి ఎత్తేశాడు. మర ఆగింది. భరిణె పక్కన, పసుపు చార కింద, వెంట్రుకంత గీత.

నా గుండె జారింది. ఆయన దానిమీద వేలు పెట్టి రాసి, 'ఇది ఇప్పటిది కాదు. పాతదే, లక్క కింద దాంకొనుంది' అన్నాడు. నా మొహం చూసి అన్నాడో, నిజమో తెలియదు. ఎర్రలక్క కడ్డీ తీసుకుని, మర తిప్పి, ఆ గీత మీద ఆనించాడు. లక్క కరిగి గీతలోకి దిగింది. మొగలి ఆకు పట్టాడు. గీత పోయింది.

మూత పట్టడానికి అరగంట చాలింది. దాని లోపలి అంచును వెంట్రుకంత తీయడం, భరిణె మీద పెట్టి చూడడం, మళ్లీ తీయడం. ఏడెనిమిది సార్లు. మూతకు వాడిన కర్ర చూరులో చాలాకాలంగా దాచిన ముక్క. అంకుడు ఒకప్పటిలా దొరకడం లేదని, అడవిలోంచి తేవాలంటే వంద ప్రశ్నలని చెబుతూనే ఆ ముక్క దించాడు. డబ్బులు అడిగితే మామూలు భరిణె ధర చెప్పాడు. ఎక్కువ ఇవ్వబోతే, 'కొత్తది ఒకటి కొనుక్కెళ్లు బావూ, లెక్క సరిపోద్ది' అన్నాడు. ఓ గిలక్కాయ, నాలుగు లక్కపిడతలు కూడా కొన్నా.

ఉప్పాడ చేరేసరికి చీకటి పడింది. సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తోంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మూత తీసింది, వేసింది. లోపలి గాలి సర్దుకుని 'టప్' మంది. మళ్లీ తీసింది. నేను పొట్టు పొట్లం ఇచ్చా. విప్పి చూసి, అలాగే మడిచి భరిణెలో పెట్టి మూత వేసింది.

దీపం దగ్గరగా జరిపి కాసేపు తిప్పి తిప్పి చూసి, 'ఎరుపు కలవలేదురా' అంది.